దాచిన సామానుకు బీమా లేదు

గడచిన నెల ఇదే శీర్షికలో పొలము కాగితములు భద్రపరచుకొనుట గురించి వ్రాశాము. ఈ నెల వ్రాయబోయే సంగతి వినగానే మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అమెరికాలో ఒకరు తమ యింట పెట్టుకున్న ఆట యంత్రములు, వాటి ఇన్సూరెన్సు. “అయ్యగారికి వ్రాయడానికి వేరే ఏమీ దొరకలేదా?” అనుకోకండి. మన సంఘములలో అనేక కుటుంబముల బిడ్డలు ఈనాడు ఆ దేశములో ఉన్నారు. వారి యింట జరిగినది మన యింట జరిగినట్టే. పైగా ఇది ఆట వస్తువుల దగ్గర మొదలై, ఒక భార్యాభర్తల మధ్య దాగియున్న లెక్క దగ్గర తేలింది. వారి అనుమతితోనే, పేర్లు చెప్పకుండా వ్రాస్తున్నాము.

2022లో మేము అమెరికా వెళ్ళినప్పుడు, మా సంఘములోని ఒక తల్లిగారి కుమారుడు చికాగో నగరమునకు పడమటి పక్కనున్న తన యింటికి మమ్మును తీసుకొని వెళ్ళాడు. భోజనమైన తరువాత, “అయ్యగారూ, క్రిందికి రండి, ఒకటి చూపిస్తాను” అన్నాడు. అక్కడి యిండ్లకు చాలా వాటికి బేస్‌మెంటు ఉంటుంది. అనగా ఇంటి క్రింద భూమిలోనికి త్రవ్వి కట్టిన గది. మెట్లు దిగి దీపము వేయగానే మేము ఆశ్చర్యపోయాము. ఆరు యంత్రములు రంగురంగుల దీపములతో వెలుగుతున్నవి.

వాటిలో రెండు పిన్‌బాల్ యంత్రములు. చూడనివారి కొరకు చెప్పుచున్నాము: నాలుగున్నర అడుగుల పొడవుగల ఒక పెట్టె, నాలుగు ఇనుప కాళ్ళ మీద కొంచెము వాలుగా నిలబడి ఉంటుంది. పైన అద్దము. లోపల ఒక ఉక్కు గోళీ దొర్లుతుంటే, ఆడేవాడు పక్కనున్న మీటలు నొక్కి, రెండు చిన్న రెక్కలతో దానిని క్రింద పడకుండా పైకి కొట్టాలి. ఒక్కొక్కటి 110 నుండి 130 కిలోల బరువు ఉంటుంది. మిగిలిన నాలుగు బీరువాల వలె నిలువుగా నిలబడే వీడియో గేము పెట్టెలు. వాటిలో ఒకటి 1980లో వచ్చిన పాక్‌మాన్.

“చిన్నప్పుడు మన పక్క పట్నములో వీడియో గేముల కొట్టు ఉండేది, గుర్తుందా అయ్యగారూ? అక్కడ దొరికినందుకు నాన్న నన్ను బజారులోనే బెత్తముతో కొట్టారు” అని నవ్వుతూ చెప్పాడు. అతని భార్య కాఫీ తెచ్చి, “ఇవన్నీ ఎవరో పాతవి పారవేస్తుంటే తెచ్చుకున్నారు, అయ్యగారూ. కరెంటు బిల్లే మాకు ఖర్చు” అన్నది. అతడు మాట్లాడకుండా గుడ్డతో అద్దము తుడుస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి అప్పుడు మేము పట్టించుకోలేదు.

ఆ యంత్రముల చరిత్ర కొంచెము తెలిస్తేనే తరువాతి సంగతి అర్థమవుతుంది. పిన్‌బాల్‌కు పుట్టిల్లు చికాగోయే అనవచ్చును. 1931లో అక్కడి గాట్లీబ్ అనే వ్యాపారి తెచ్చిన ‘బాఫిల్ బాల్’ అనే ఆట దేశమంతా వ్యాపించింది. పైసకు పైస చూచుకొనే ఆ కరవు రోజులలో ఒక చిన్న నాణెము వేసి కొంతసేపు ఆడుకోవచ్చును గనుక జనము ఎగబడ్డారు. అప్పటికి రెక్కలు లేవు. గోళీని వదలిపెట్టి, అది ఎక్కడ పడుతుందో చూచుటే ఆట. అందుచేత అది జూదమని పెద్దలు అభ్యంతరపెట్టారు. 1942లో న్యూయార్కు మేయరు లా గార్డియా వాటిని నిషేధించి, సుత్తులతో పగులగొట్టించాడు. 1947లో ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రముతో రెక్కలు వచ్చి, ఆట చేతి నేర్పు మీద ఆధారపడినదైంది. అయినా న్యూయార్కులో నిషేధము 1976 వరకు పోలేదు.

1992లో వచ్చిన ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ అనే యంత్రము 20,000కు పైగా అమ్ముడుపోయింది. తరువాత ఇండ్లలోనికే వీడియో గేములు రావడముతో ఆట కొట్లు మూతబడినవి. ఎంతో పేరుగల విలియమ్స్ కంపెనీ 1999లో పిన్‌బాల్ తయారీయే మానివేసింది. క్రొత్తవి తగ్గిపోయేసరికి, పాతవాటిని బాగుచేసి ఇంట పెట్టుకొనేవారు పెరిగారు, ధరలూ పెరిగినవి. ఒకప్పుడు చౌకగా వదిలించుకున్న యంత్రమునకే ఈనాడు వేల డాలర్లు ఇస్తున్నారు. మన యింటి ఫ్రిజ్జు, టీవీ ఏడాదికేడాది విలువ తగ్గుతవి. ఇవి అలా కాదు, బాగా ఉంచుకుంటే పాతబడే కొద్దీ విలువ పెరుగుతవి. కాని ఇన్సూరెన్సు కంపెనీకి ఎవరైనా ముందుగా చెప్పకపోతే, దాని లెక్కలో ఇవి కూడా పాత ఫ్రిజ్జులే.

2023 జూలై 2వ తేదీన చికాగోలో కుండపోత వాన కురిసింది. పడమటి పక్క కొన్నిచోట్ల ఒక్క రోజులోనే దాదాపు 8 అంగుళాలు పడింది. మురుగు కాలువలు పట్టలేక, ఆ నీరు వేల యిండ్ల బేస్‌మెంట్లలోనికి గొట్టముల గుండా వెనుకకు తన్నింది. మన సహోదరుని యింట ఒకటిన్నర అడుగుల నీరు నిలిచింది. పిన్‌బాల్ యంత్రములను వాటి పొడవాటి కాళ్ళే కాపాడినవి. వీడియో గేము పెట్టెలు నేరుగా నేల మీద నిలబడి ఉంటవి, విద్యుత్తు పరికరములు అడుగునే ఉంటవి. పొట్టు అతికించి చేసిన వాటి చెక్క తడిసి రొట్టెలాగా ఉబ్బిపోయింది. నాలుగూ పోయినవి. బాగుచేయుటకు విప్పి గోడకు ఆనించిన విడిభాగములు కూడా మురుగునీటిలో పాడైనవి.

ఇల్లు ఇన్సూరు చేసి ఉన్నది కదా అని ధైర్యముగా ఉన్నారు. కంపెనీవారు నష్టము లెక్కకట్టు ఒక ఉద్యోగిని పంపారు. మన దగ్గర సర్వేయరు అంటామే, అటువంటివాడు. అతడు రెండే ప్రశ్నలు వేశాడట. “ఏమేమి పోయినవో జాబితా ఉన్నదా? ఎంతకు కొన్నారో రసీదులు ఉన్నవా?”

జాబితా లేదు, రసీదులు లేవు, ఒక్క ఫోటో కూడా లేదు. ఎందుకు లేవు? ఇంట తెలియకూడదు గనుక. అన్నీ నోట్లు ఇచ్చి కొన్నాడు. ఎక్కడా చీటీ మిగలకుండా జాగ్రత్తపడ్డాడు. ఇప్పుడు ఆ ఉద్యోగి ముందర, భార్య ప్రక్కన నిలబడి ఉండగా, ఒక్కొక్కదాని ధర నోటితో చెప్పవలసి వచ్చింది. ఆరింటికీ కలిపి 24,000 డాలర్లు తేలింది. మన డబ్బులో ఇరవై లక్షలకు దగ్గర. పోయినవాటి విలువే 9,000.

కంపెనీ ఆ మాటను ఒప్పుకోలేదు. కాగితము లేదు గనుక వాటిని పాత విద్యుత్తు ఆట సామానుగా తీసుకొని, తరుగు కోసి, నాలుగింటికీ కలిపి 1,400 డాలర్లు కట్టింది. అదియు, ఆ సహోదరి రెండేండ్ల క్రితము పట్టుబట్టి మురుగునీటి నష్టమునకు 10,000 డాలర్ల అదనపు రక్షణ తీసుకొని ఉన్నది గనుక. ఆ పది వేలలోనే గది శుభ్రము చేయించుట, గోడల మరమ్మతు, బట్టలుతుకు యంత్రము అన్నీ సర్దుకోవలసి వచ్చింది.

కొన్నాళ్ళకు ఆమె మాకు ఫోను చేసింది. “డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటాము, అయ్యగారూ. ఆ పరాయి మనిషి ముందర ఏమీ తెలియనిదానిలాగా నిలబడ్డాను. అది మాత్రము మనసులోనుండి పోవడము లేదు” అన్నది. వెంటనే ఏమి చెప్పాలో మాకు తోచలేదు. “అమ్మా, అతనిని కూర్చోబెట్టి మిగిలినవాటి లెక్క వ్రాయించు. నీ చేతితోనే వ్రాయి” అని మాత్రము చెప్పాము.

ఇక్కడ కొంచెము ఆగి, ఆ దేశపు పద్ధతి ఎట్లుండునో చెప్పుకుందాము. మీ బిడ్డలు అక్కడ ఏ విలువైన వస్తువు పెట్టుకున్నా ఇది పనికివస్తుంది.

మొదటిది. అమెరికాలో సాధారణముగా ఇంటి పాలసీలోనే లోపలి సామానుకు కూడా రక్షణ ఉంటుంది. ఇంటికి వ్రాసిన మొత్తములో సగము నుండి డెబ్బది శాతము వరకు సామానుకు ఇచ్చుట వాడుక. మొత్తము పెద్దదే. కాని సామాను విషయములో ఎక్కువ పాలసీలు కారణములను పేరు పేరున వ్రాస్తవి: అగ్ని, దొంగతనము, పెనుగాలి మొదలగునవి. ఆ పట్టికలో లేని కారణముచేత పోతే ఏమీ రాదు.

రెండవది, నీరు. పై నుండి పొర్లి వచ్చే వరదనీరు, కాలువ నుండి వెనుకకు తన్నే మురుగునీరు, ఈ రెండూ మామూలు ఇంటి పాలసీలో ఉండవు. మురుగునీటికి అదనముగా కట్టి రక్షణ చేర్చుకోవాలి. వరదకు 1968లో ఏర్పడిన ప్రభుత్వ వరద బీమా పథకము వేరుగా ఉన్నది. అందులో ఇంటి సామానుకు 1,00,000 డాలర్ల వరకు తీసుకోవచ్చును. అయితే నాలుగు వైపులా భూమట్టమునకు క్రిందనున్న గదిలోని సామానులో బట్టలుతుకు యంత్రము వంటి కొద్ది వస్తువులకే అది వర్తిస్తుంది. ఆట యంత్రములకు వర్తించదు. చాలామంది వాటిని పెట్టుకొనేది మాత్రము ఆ గదిలోనే! పైగా మామూలుగా కట్టిన దినము నుండి 30 రోజులు గడిస్తేనే ఆ పాలసీ పనిచేస్తుంది. మబ్బు చూచి కడితే అందదు.

మూడవది, విలువ. కొన్ని పాలసీలు తరుగు తీసివేసి ఇస్తవి. కొన్ని, క్రొత్తది కొనుటకు ఎంతైతే అంత ఇస్తామంటవి. ఈ రెండవది వినుటకు బాగున్నది గాని, పాతదనమే విలువగా గల వస్తువులను అందులోనుండి తీసివేయుట పరిపాటి. కాబట్టి ఇటువంటి సేకరణకు సరియైన మార్గము, ఒక్కొక్క వస్తువు పేరు, దాని విలువ ముందుగానే కంపెనీతో ఒప్పుకొని పాలసీలో వ్రాయించుకొనుట. ఇంటి పాలసీకే దీనిని జతచేయవచ్చును. సేకరణలకే ప్రత్యేకముగా పాలసీలిచ్చే కంపెనీలూ ఉన్నవి. అటువంటి పాలసీలలో చాలా వాటికి వరద, రవాణాలో దెబ్బతినుట కూడా చేరి ఉంటవి. అయినా సంతకమునకు ముందు ఆ రెండు మాటలు చదివి చూచుకోవాలి.

నాలుగవది, రానివి. అరుగుదల, ఎలుకలు కొరికినది, పాత బ్యాటరీ కారి సర్క్యూటు పలకను తినివేయుట, ఇవి ఏ యజమానియైనా తానే చూచుకోవలసినవి. వాడని యంత్రములోనుండి బ్యాటరీలు తీసి ఉంచుట మేలు. కరెంటు ఒక్కసారిగా పెరిగి లోపలి ఎలక్ట్రానిక్ భాగములు కాలితే కూడా అనేక పాలసీలు ఇవ్వవు. ఇంకొక మాట. ఇంటికి వచ్చినవారి దగ్గర డబ్బు తీసుకొని ఆడనిస్తే అది వ్యాపారము క్రిందికి రావచ్చును, అప్పుడు ఇంటి పాలసీ చెల్లకపోవచ్చును.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, జాబితా. తయారుచేసిన కంపెనీ, ఆట పేరు, సంవత్సరము, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఇచ్చిన ధర, మరమ్మతు ఖర్చులు, నాలుగు వైపుల నుండి ఫోటోలు. ఒక ప్రతి ఇంటిలో, ఒక ప్రతి ఇంటి బయట. ఇల్లే కాలిపోతే ఇంటిలోనున్న జాబితా కూడా కాలిపోవును గదా! ధరలు మారుతుంటవి గనుక ఏడాదికొకసారి తిరిగి చూచుకోవాలి.

మరి మన యింటి సంగతి? మన దేశములో 2021 ఏప్రిల్ 1 నుండి ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీ వచ్చింది. సాధారణ బీమా కంపెనీలు ఒకే విధమైన షరతులతో దీనిని ఇస్తవి. తుఫాను, వరద ఇందులో చేరియే ఉన్నవి. ఇంటికి పాలసీ తీసుకుంటే, ఇంటికి వ్రాసిన మొత్తములో 20 శాతము, పది లక్షలు మించకుండా, మామూలు సామానుకు దానంతటదే రక్షణ వస్తుంది. నగలు, అరుదైన వస్తువులు వంటివి మాత్రము విలువ చెప్పి వేరుగా చేర్పించుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని యిండ్ల సామాను నీటిపాలైనదో మీకు తెలుసును. “ఇన్సూరెన్సు చేయుట అవిశ్వాసము కాదా అయ్యగారూ?” అని కొందరు అడుగుచుంటారు. ఐగుప్తులో యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము కొట్లలో నిలువ చేయించినది అవిశ్వాసమని మనలో ఎవరమూ అనము గదా.

ఇక ఆ కుటుంబము. మేము ఫోనులో చెప్పిన రెండు నెలలకు, ఆ సహోదరుని తల్లిగారు ఒక కవరు పట్టుకొని మా యింటికి వచ్చారు. “అయ్యగారూ, అబ్బాయి ఏదో కాగితము పంపి పెట్టెలో దాచమన్నాడు. ఇంగ్లీషులో ఉన్నది, చదివి చెప్పండి” అన్నారు. విప్పి చూస్తే, మిగిలిన రెండు పిన్‌బాల్ యంత్రముల జాబితా. సీరియల్ నంబర్లు, ధరలు, ఫోటోలు. చేతివ్రాత కోడలిది. క్రింద ఇద్దరి సంతకములు. ఇంటి బయట ఉంచవలసిన ప్రతిని వారు ఏడు సముద్రాల ఇవతల అమ్మ ట్రంకుపెట్టెకు పంపారన్నమాట.

ఆమెకు సంగతి అప్పటికే కొంత తెలుసు. చాలాసేపు ఆ ఫోటోలనే చూస్తూ కూర్చున్నారు. తరువాత మెల్లగా, “ఆనాడు వాళ్ళ నాన్న బజారులో కొట్టినందుకేనా అయ్యగారూ, వీడు ఇంత వయసు వచ్చినా దాచుకుంటున్నాడు? ఆ రోజు నేను అడ్డము వెళ్ళలేదు” అన్నారు. అవునని చెప్పుటకు గాని, కాదని చెప్పుటకు గాని మాకు అధికారము లేదు. “అమ్మా, ఇప్పుడు దాచలేదు గదా. మీ పెట్టెలోనికే పంపించాడు” అన్నాము. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, కాగితములు మడిచి, మరల కవరులో పెట్టుకున్నారు.

ప్రియ పాఠకులారా, ఈ నెల మీకు ఒక్క పని చెప్పుచున్నాము. ఒక ఆదివారము సాయంత్రము భార్యాభర్తలిద్దరూ కూర్చొని మీ యింటి సామాను జాబితా వ్రాయండి. కుట్టుమిషను, మోటారు, సైకిలు, గొలుసు, ఏది ఎప్పుడు ఎంతకు కొన్నారో. తెలియకుండా కొన్నది ఏదైనా ఉంటే, అది కూడా. సర్వేయరు అడుగకముందే మీరే ఒకరికొకరు చెప్పుకోండి. పిల్లలు ఎదురుగా ఉంటే ఇంకా మంచిది. ఇంటిలో లెక్క చెప్పినందుకు ఎవరూ దెబ్బలు తినరని వారు చూస్తారు.

వచ్చే నెల మరల కలిసికొందము.